కనీస వేతనాల కంప్లయింట్లు కోర్టులో ఎక్కడ పడిపోతున్నాయి?

కొత్త_ఏపీపీ: కొత్తగా చేరిన అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ని (ఏపీపీ). లేబర్ శాఖ వేసిన కనీస వేతనాల కంప్లయింట్లు చేతికొచ్చాయి. అన్నీ 2025 నవంబర్ 21కి, అంటే పాత చట్టం పోయి వేతనాల కోడ్ అమల్లోకి రాకముందు జరిగిన తనిఖీలవే. ముందు ఏ కాగితాలు చూడాలి? సాక్షుల వరస ఏంటి? రాజీకొస్తే ఏం చేయాలి?

గోదారిగట్టు: ముందు తేదీలు చూడండి. 1948 కనీస వేతనాల చట్టం సెక్షన్ 22బి దగ్గరే సగం కేసులు పోతాయి. తక్కువ వేతనమన్న 22(ఎ) కేసుకు సెక్షన్ 20 కింద తగ్గిన వేతనం కోసం వేసిన క్లెయిమ్ పూర్తిగానో కొంతో మంజూరై ఉండాలి. ఆపైన కంప్లయింట్ వేయడానికి ప్రభుత్వ అనుమతి (శాంక్షన్), శాంక్షన్ ఇచ్చిన నెలలోపు కంప్లయింట్. రిజిస్టర్లు లేవన్న 22ఎ కేసుకైతే నేరం జరిగిన ఆరు నెలల్లోపు. రెండూ కలిపి ఒకే కాగితంలో రాసుకొస్తారు. క్లెయిమ్ ఆర్డర్ లేకపోతే వేతనం భాగం నిలబడదు.

మస్టర్‌రోల్: తనిఖీ నోట్‌లో కార్మికుడి పేరు, చేసే పని, రోజుకు ఇస్తున్న కూలి, సంతకం ఉన్నాయా? "రిజిస్టర్లు చూపలేదు" అన్న ఒక్క వాక్యంతో క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడలేరు. షోకాజ్ నోటీసుకు పోస్టు రసీదు మాత్రమే పెట్టి, అందినట్టు రుజువు జతచేయరు.

కార్మికపక్షం: 22 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కోర్టు 500తో వదిలేస్తే కార్మికుడికి ఒరిగేదేంటి? క్లెయిమ్‌లో తేడాకు పదింతల దాకా పరిహారం ఉంది. రోజుకు 40 తేడా, 26 రోజులు, 12 మంది అంటే నెలకు 12,480. ఆ ఆర్డర్‌ను 20(5) కింద మేజిస్ట్రేట్ జరిమానాలాగే వసూలు చేయాలి. మీ శ్రమ అక్కడ పెట్టండి.

కోడ్2019: 500 ఎందుకు? వేతనాల కోడ్ సెక్షన్ 54లో 50,000 ఉంది. సెక్షన్ మార్చమని మెమో వేయండి.

గోదారిగట్టు: కొత్తవాళ్లకు ఇలాంటి సలహా ఇవ్వకండి! రాజ్యాంగం ఆర్టికల్ 20(1) ఉంది. నేరం నాటికున్న శిక్షకు మించి వేయడానికి లేదు.

కోడ్2019: పాత చట్టం రద్దయ్యాక ఇంకా ఆ 500 పట్టుకుని వేలాడతారా?

ఇరవైరెండేళ్ల_అనుభవం: ఇరవై రెండేళ్లుగా ఈ కేసులే నడుపుతున్నాను, వినండి. కోడ్ సెక్షన్ 69 పాత చర్యల్ని కాపాడుతుందే తప్ప శిక్ష పెంచదు. పైగా మొదటిసారి తక్కువ వేతనం ఇచ్చినందుకు కోడ్‌లో జైలు లేదు. కాబట్టి డిఫెన్స్, శిక్ష తగ్గించే కొత్త చట్టం లాభం పాత నేరానికీ దక్కుతుందన్న రతన్‌లాల్, టి. బరాయ్ తీర్పులు చూపించి జైలు కూడా వద్దంటుంది. జవాబు సిద్ధం చేసుకోండి.

కోడ్2019: అంటే రెండువైపులా యజమానికే లాభమా? ఇది ఘోరం.

బాయిలర్_సెక్షన్: ఫ్యాక్టరీల కేసులు ఇంతకన్నా అన్యాయం. పాత ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 106 ప్రకారం నేరం ఇన్‌స్పెక్టర్‌కు తెలిసిన మూడు నెలల్లోపు కంప్లయింట్ వేయాలి. ముద్దాయిగా మేనేజర్ ఒక్కణ్నే పెట్టుకొస్తారు. కంపెనీకి ఆక్యుపయర్ (ఫ్యాక్టరీపై అంతిమ అధికారం ఉన్న వ్యక్తి) డైరెక్టరేనని జె.కె. ఇండస్ట్రీస్ తీర్పు (1996) తేల్చేసింది కదా!

మస్టర్‌రోల్: లెక్క కూడా చూడండి. ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న వీడీఏ (ధరలను బట్టి మారే కరువు భత్యం) మారుతుంది. ఆ తేదీ మధ్యలో పడినా క్లెయిమ్ కాలమంతటికీ ఒకే రేటు వేస్తే, హైకోర్టులో రిట్ పడినప్పుడు ఆర్డర్ చిక్కుతుంది.

కొత్త_ఏపీపీ: రాజీ సంగతి?

గోదారిగట్టు: అది తర్వాత. 2024 జూలై 1 తర్వాత వేసినవైతే బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 223 కింద కాగ్నిజెన్స్‌కు, అంటే కోర్టు కేసు స్వీకరించడానికి, ముందే ముద్దాయి మాట వినాలి. ఆ నోటీసులకే నెలలు పోతాయి. కాలం దాటిందని వాదిస్తే సుప్రీంకోర్టు సారా మాథ్యూ తీర్పు (2013) చూపండి, లెక్కకొచ్చేది దాఖలు తేదీ. అందుకే ఫైలింగ్ ముద్ర ఉన్న పేజీ సర్టిఫైడ్ కాపీ ఇవాళే తీయించండి.