కారు కొటేషన్‌లో పెన్నుతో రాసిన చార్జీలు కట్టాల్సిందేనా?

అందరికీ నమస్కారం. మాది చీపురుపల్లి దగ్గర. అమ్మను వైద్యానికి తరచూ విశాఖ తీసుకెళ్లాలి, అందుకే కారు కొందామనుకుంటున్నాం. విజయనగరంలో ఒక షోరూమ్ వాళ్లు కొటేషన్ ఇచ్చారు. ఎక్స్ షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్ అచ్చులో ఉన్నాయి. వాటి కింద హ్యాండ్లింగ్ చార్జీలు 8,500, యాక్సెసరీస్ కిట్ 14,000 అని నీలం పెన్నుతో రాశారు. ఇన్సూరెన్స్ బయట తీసుకుంటే డెలివరీ ఆలస్యమవుతుందట.

లోన్ సంగతే ఎక్కువ భయంగా ఉంది. ఆరు లక్షలకి "ఏడున్నర శాతమే సార్" అన్నారు. ఐదేళ్లకి ఈఎంఐ 13,750. లెక్కేసి చూస్తే అది ఫ్లాట్ రేటు, అంటే అసలు తగ్గుతున్నా ఐదేళ్లూ మొత్తం ఆరు లక్షల మీదే వడ్డీ. నెలనెలా తగ్గే అసలు మీద చూస్తే 13 శాతం దాటుతోంది! ప్రాసెసింగ్ ఫీజుతో సహా అన్నీ కలిపి చూపించే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అడిగితే, సంతకాలప్పుడు ఇస్తామంటున్నారు. సంతకం పెట్టాక అది చూసి ఏం లాభం?

మా బ్యాంకులోనే లోన్ తీసుకుంటానంటే డిస్కౌంట్ తీసేస్తామంటున్నారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఈ హ్యాండ్లింగ్ చార్జీలు తీయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఏమని అడిగారు? ఒప్పుకోకపోతే ఎవరికి ఫిర్యాదు చేశారు? అడ్వాన్స్ ఇంకా కట్టలేదు, ఆదివారంలోగా కట్టమని ఫోన్లు చేస్తున్నారు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.