బరువు ఒకటే, ఒక స్లాబే ఎందుకు దిగబడింది?

ప్రశ్న (చీమకుర్తి నుంచి)
నమస్కారం. పన్నెండేళ్లుగా ఇక్కడ ఒక గ్రానైట్ యార్డులో పని చేస్తున్నాను. పోయిన వానాకాలం ఒక గెలాక్సీ (నల్ల గ్రానైట్ రకం) స్లాబును గోడకు ఆనించి మట్టి మీదే నిలబెట్టాం, కింద చెక్క వేయడం మరిచాం. రాత్రంతా వాన. తెల్లారి చూస్తే కింది అంచు నాలుగు వేళ్ల లోతు దిగబడి ఉంది. పక్కనే అదే సైజు స్లాబు పడుకోబెట్టి ఉంది. దాన్ని లేపితే మట్టిలో పలచగా అచ్చు మాత్రం కనిపించింది. ఆ ఫొటోలు చూసి ఎనిమిదో తరగతి చదివే మా పాప, "రెండూ ఒకే బరువు కదా నాన్నా, మరి ఇదొక్కటే ఎందుకు దిగబడింది?" అంది. పుస్తకంలో పీడనం అని ఉందట. బలం, పీడనం ఒకటి కాదా? నేను పదితో ఆపేశాను, బిడ్డకు తప్పు చెప్పకూడదని అడుగుతున్నా. పొడవు 3 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు, మందం 20 ఎమ్మెమ్.

జవాబు (ఒంగోలు, ఫిజిక్స్ టీచర్)
అన్నా, కొలతలు ఇచ్చి మంచి పని చేశారు. స్లాబు ఘనపరిమాణం 0.12 ఘనపు మీటర్లు. గెలాక్సీ రాయి ఘనపు మీటరుకు దాదాపు 3 టన్నులు తూగుతుంది, సాంద్రత అంటే అదే. ఆ లెక్కన మీ స్లాబు 360 కిలోలు. భూమి దాన్ని లాగే బలం సుమారు 3,600 న్యూటన్లు. ఎలా పెట్టినా ఇది మారదు, పాప మాట నిజం.

మారేది నేలను తాకే చోటు. బలాన్ని ఆ చోటు వైశాల్యంతో భాగిస్తే వచ్చేదే పీడనం, దాన్ని పాస్కల్‌లలో కొలుస్తారు. అందుకే బలం, పీడనం ఒకటి కాదు. పడుకోబెడితే 6 చదరపు మీటర్లు, కాబట్టి పీడనం 600 పాస్కల్‌లు. పొడవాటి అంచు మీద నిలబెడితే తాకేది 0.06 చదరపు మీటర్లే (3 మీటర్లు × 20 ఎమ్మెమ్). గోడ మోసే కొంచెం వదిలేస్తే దగ్గర దగ్గర 60,000 పాస్కల్‌లు. వంద రెట్లు! తడిసిన మట్టి దానికి ఆగలేదు. మీరు చెక్కలు వేసేది కూడా బరువును ఎక్కువ చోటుకు పరచడానికే. పాపతో ఒక ఇటుకను తడి ఇసుకలో పడుకోబెట్టించి, తర్వాత నిలువుగా పెట్టించండి.

జవాబు (క్వారీలో క్రేను ఆపరేటర్)
సార్, మా గుంతలో నీళ్లలో మునిగిన బండను లేపుతుంటే, నీళ్లు దాటగానే క్రేను మీద లోడు పెరుగుతుంది. ఇదీ సాంద్రతేనా?

జవాబు (టీచర్)
అవును తమ్ముడూ. రాయి సాంద్రత నీటికి మూడు రెట్లు. మునిగి ఉన్నంతసేపు బరువులో మూడో వంతు నీరే మోస్తుంది. 3 టన్నుల బండ 2 టన్నుల్లాగే ఉంటుంది, బయటికి వస్తుంటే ఆ టన్ను కూడా తాడు మీద పడుతుంది. ఆ సమయంలో కింద ఎవరినీ ఉండనీయొద్దు.

ప్రశ్న అడిగినవారు
సార్, నిన్న సాయంత్రం ఇటుకతో చేశాం. పాప రెండు గుంతల లోతూ స్కేలుతో కొలిచి నోట్సులో రాసుకుంది. పొద్దున యార్డుకు పోగానే ప్రతి స్లాబు కిందా చెక్క ఉందో లేదో వంగి చూసి వచ్చా.