ఎయిర్ సస్పెన్షన్ పైపులకి పుష్ ఫిట్టింగులా, ఇత్తడి కంప్రెషన్ ఫిట్టింగులా? తేల్చండి

బెజవాడ_పికప్:
పికప్‌కి వెనకాల కమాన్ కట్టలకి తోడుగా హెల్పర్ ఎయిర్ బ్యాగులు (గాలి నింపితే లోడు మోసే రబ్బరు సంచులు) బిగిస్తున్నా. బ్యాగులు అమెరికా కిట్టు, మా బావ వస్తూ పట్టుకొచ్చాడు, కంప్రెసర్ ఇక్కడే కొన్నా. కిట్టులో పైపు సరిపోలేదు, మిగతాది ఇక్కడ కొనాలి, పేచీ అంతా అక్కడే. ఆటోనగర్‌లో ఒకాయనేమో పుష్ ఫిట్టింగులు (పైపు గుచ్చితే పట్టేసుకునే జాయింట్లు) ఫ్యాక్టరీ మెషీన్లకి గానీ రోడ్డు మీద తిరిగే బండికి పనికిరావు, బస్సుకి వేసినట్టు ఇత్తడి కంప్రెషన్‌వే (నట్టు బిగించేవి) వెయ్యమంటాడు. పక్క షాపులోనేమో నీలం పీయూ (పాలియురేథేన్ అనే మెత్తటి ప్లాస్టిక్) పైపు చూపించి ఇది ఎటు కావాలంటే అటు వంగుద్ది, పుష్ ఫిట్టింగులో గుచ్చితే పనైపోద్ది అంటాడు. బండి సీజన్లో మిర్చి టిక్కీల లోడుకి తిరుగుద్ది, మిగతా రోజులు ఇంటి వాడకం. ఎవరి మాట వినాలి?

డిపో_గ్యారేజ్:
ఇత్తడిదే వెయ్యి తమ్ముడూ, ఇందులో ఆలోచించేదేముంది. నట్టు, ఆలివ్ రింగు (నట్టు బిగిస్తే పైపుని కరుచుకునేది), పైపు లోపల పెట్టే చిన్న ఇత్తడి బుష్, ఈ మూడూ ఉంటే పైపు లాగినా రాదు. లీకైతే స్పానర్ పెట్టి పావు తిప్పు తిప్పుతావు, అయిపోద్ది. పుష్‌ది లీకైతే ఏం చేస్తావ్, తీసి పారేసి కొత్తది కొనడమే. పైగా వర్షాకాలం బురద పైపు ఊడదీయడానికి నొక్కే ఆ కాలర్‌లోకి పోయి గట్టిపడిందంటే రోడ్డు పక్కన పైపు ఊడదీయడం కూడా కష్టం. ఓల్వో బస్సులు 2001లో మన రోడ్ల మీదకి వచ్చిన దగ్గర్నుంచి బెల్లోల (బస్సు ఎయిర్ బ్యాగుల) కింద దూరి పని చేస్తున్నా, చెప్పేది ఊరికే చెప్పట్లా.

న్యూమాటిక్_షాపు:
గురువుగారూ మీ అనుభవం కాదనను గానీ ఇప్పుడు యూరప్ లారీల్లో బ్రేకు లైన్లకే ఫ్యాక్టరీ నుంచి పుష్ టైపు వస్తున్నాయి, జర్మనీ వాస్ (VOSS) కంపెనీవి చూసే ఉంటారు. బ్రేకుకి పనికొచ్చింది సస్పెన్షన్‌కి పనికిరాదా? అసలు తేడా ఎక్కడంటే, మెషీన్లకి వాడే ప్లాస్టిక్ బాడీ పుష్ ఫిట్టింగు వేరు, బండికి చేసిన పుష్ ఫిట్టింగు వేరు. బండి దానికి లోపల పైపుని మోసే గొట్టం ఉంటది, పట్టుకునే పళ్లు గట్టివి, వేడికీ అదురుకీ చేసింది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి జనం చవకది కొని, లీకయ్యాక పుష్ రకాన్నే తిడతారు.

ఇక లీకుల్లో ఎక్కువ భాగం ఫిట్టింగుది కాదు, కోసినోడిది. పైపుని కటింగ్ ప్లయర్‌తో నొక్కి కోస్తే మూతి కోడిగుడ్డు ఆకారంలోకి పోద్ది, హాక్సా బ్లేడుతో కోస్తే పొట్టు లేచి లోపల గాలి ఆపే రబ్బరు ఓ-రింగుని గీకుద్ది. పైపు కట్టర్‌తో నిలువుగా కొయ్యి, చివరి అంగుళం మీద గీతలు లేకుండా చూసుకో, ఎంత లోతు పోవాలో మార్కర్‌తో గీసి అక్కడిదాకా నొక్కు, తర్వాత వెనక్కి ఒకసారి లాగి చూడు. అంతే. లీకైతే ఊడదీసి చివర ఒక అంగుళం కోసేసి మళ్లీ గుచ్చుకోవచ్చు, పారెయ్యక్కర్లా. కాకపోతే పైపు కొంచెం పొడవుగా ఉంచుకోవాలి.

డాలస్_ట్రైలర్:
మీ ఇద్దరి గొడవ బానే ఉంది గానీ పీయూ పైపు సంగతి ఎవరూ ఎత్తరేంటి?? బెజవాడ అన్నా అది మాత్రం కొనొద్దు. పీయూ మెత్తగా ఉంటది నిజమే, వేడి పెరిగే కొద్దీ ప్రెషర్ తట్టుకునే శక్తి పడిపోద్ది, సైలెన్సర్ దగ్గరగా పోయిందంటే ఇక చెప్పక్కర్లా. బండికి వేసేది నైలాన్. ఇక్కడ అమెరికాలో నల్ల పైపు మీద ఎస్‌ఏఈ జే844 (అక్కడి ఇంజనీర్ల సంఘం ప్రమాణం) అని అచ్చు వేసుంటది, ఎయిర్ బ్రేకులకి చేసిన పైపు, మైనస్ 40 నుంచి 93 డిగ్రీల సెల్సియస్ దాకా, 150 పీఎస్‌ఐ దాకా వాడొచ్చు. అక్కడ లారీ స్పేర్ పార్టుల షాపుల్లో మిల్లీమీటర్ల సైజుల్లో పాలిఅమైడ్ పైపు దొరుకుద్ది, అదీ ఇదీ ఒకటే జాతి.

కొలత మాత్రం జాగ్రత్త. నీ కిట్టు అంగుళాలది. పావు అంగుళం పైపంటే 6.35 మిల్లీమీటర్లు, 6 మిల్లీమీటర్ల ఫిట్టింగులో దూరదు. రివర్సులో ఇంకా డేంజరు, 6 మిల్లీమీటర్ల పైపు పావు అంగుళం ఫిట్టింగులో హాయిగా దూరుద్ది, పట్టినట్టే అనిపిస్తది, గాలి మాత్రం పోతూనే ఉంటది. థ్రెడ్ సంగతీ అంతే. బ్యాగు మీద ఉండేది ఎన్‌పీటీ (అమెరికా పైపు థ్రెడ్), నీకు హార్డ్‌వేర్ షాపులో చేతికిచ్చేది బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు థ్రెడ్). పావు అంగుళంలో ఎన్‌పీటీకి అంగుళానికి 18 చుట్లు, బీఎస్‌పీకి 19, కొంచెం తిరిగి బిగుసుకుంటది కాబట్టి తేడా తెలిసిపోద్ది. అర అంగుళంలో రెండిటికీ 14 చుట్లే! థ్రెడ్ కోణం వేరు, ఎన్‌పీటీకి 60 డిగ్రీలు, బీఎస్‌పీకి 55. చక్కగా ఎక్కుద్ది, బిగుసుద్ది, లీకవుద్ది, నువ్వేమో టేపు మీద టేపు చుడుతూ కూర్చుంటావ్.

డిపో_గ్యారేజ్:
ఈ డాలస్ అబ్బాయి చెప్పిన థ్రెడ్ మాట నిజం. టేపు చుడితే మొదటి చుట్టు వదిలి చుట్టండి బాబూ, ముక్కలు తెగి వాల్వులో ఇరుక్కుంటాయి. థ్రెడ్ సీలెంట్ పేస్ట్ అయితే ఆ బాధ లేదు.

స్టీల్_లైన్:
ఇవన్నీ ఎందుకు, స్టెయిన్‌లెస్ గొట్టం వంచి ఫ్లేర్ ఫిట్టింగులు (గొట్టం మూతి వెడల్పు చేసి బిగించేవి) పెట్టించండి, జన్మలో లీకవదు.

న్యూమాటిక్_షాపు:
షో బండికి వేసుకో స్వామీ. ఛాసిసూ యాక్సిలూ వేర్వేరుగా ఊగుతుంటే మధ్యలో గట్టి గొట్టం పెడితే ఎప్పటికైనా చిట్లుద్ది, బ్యాగు దగ్గర ఎలాగూ మెత్తటి పైపే కావాలి, అంటే నీకు జాయింట్లు ఇంకా పెరుగుతాయి.

బెజవాడ_పికప్:
సరే నైలాన్ అని అర్థమైంది. 3/8 అంగుళం పైపు వేస్తే బండి త్వరగా లేస్తుంది అంటున్నారు, నిజమేనా? ఇంకోటి, రెండు బ్యాగులకీ టీ (T ఆకారం జాయింటు) పెట్టి ఒకే లైన్ ఇస్తే సగం ఫిట్టింగులు మిగులుతాయి కదా.

డాలస్_ట్రైలర్:
3/8 పైపు లోపలి దారి పావు అంగుళం దానికి రెండింతల పైనే ఉంటది, అందుకే ట్యాంకు పెట్టి బండిని ఎగరేసి దించేవాళ్లకి అది కావాలి. నీకు ట్యాంకు లేదు, చిన్న కంప్రెసర్ నేరుగా నింపుతుంది, అది ఎంత గాలి ఇస్తే అంతే, పైపు లావైతే ఒరిగేదేం లేదు. పావు అంగుళం చాలు.

టీ మాత్రం పెట్టకు. మలుపులో బండి ఎడమకి ఒరిగితే ఎడమ బ్యాగులో గాలి కుడి దాంట్లోకి జారుకుంటది, బండి ఇంకా ఒరుగుద్ది. నీది ఎత్తు లోడు కాబట్టి అసలు వద్దు. రెండు లైన్లు, రెండు వాల్వులు, రెండు గేజిలు. లోడు లేనప్పుడు కూడా బ్యాగులో 5 పీఎస్‌ఐ తగ్గనీకు, ఖాళీ బ్యాగు మడతపడి చిరుగుద్ది.

న్యూమాటిక్_షాపు:
కంప్రెసర్ నుంచి వచ్చే మొదటి ముక్క నైలాన్ కాకుండా స్టీల్ అల్లిక గొట్టం వెయ్యి, ఆ గాలి కాలిపోతూ వస్తది. దాని తర్వాతే చెక్ వాల్వు (గాలిని వెనక్కి రానివ్వనిది), ఆ తర్వాత నైలాన్.

టిప్పర్_ఓనర్:
మధ్యలో వస్తున్నా ఏమనుకోకండి, నా బండికి బ్రేకు ట్యాంకు ఉంది కదా, కంప్రెసర్ కొనకుండా అందులోంచే లైన్ లాగేస్తే?

డిపో_గ్యారేజ్:
ప్రెషర్ ప్రొటెక్షన్ వాల్వు (ట్యాంకులో గాలి తగ్గితే ఆ లైన్ మూసేసేది) లేకుండా లాగావంటే బ్యాగు పగిలిన రోజు బ్రేకు గాలి కూడా దాంతోపాటే పోద్ది. బస్సుల్లో గాలిని నాలుగు లైన్లుగా విడదీసే ఫోర్ సర్క్యూట్ వాల్వు పెట్టేదే అందుకు, సస్పెన్షన్ గాలి బ్రేకుల తర్వాతే. సొంతంగా చెయ్యకు, కంపెనీ సర్వీసువాళ్లని అడుగు.

బెజవాడ_పికప్:
అయితే నల్ల నైలాన్ పావు అంగుళం, రెండు వేరు లైన్లు. ఫిట్టింగులు మా బావ ఫ్రెండు వచ్చే నెల వస్తున్నాడు, బండికి చేసిన పుష్‌వి అంగుళాల సైజులో అతనితోనే తెప్పిస్తా. గురువుగారు కోప్పడతారేమో.

డిపో_గ్యారేజ్:
నీ బండి నీ ఇష్టం. బ్యాగు నెత్తి మీద ఎల్బో మాత్రం ఇత్తడి కంప్రెషన్‌దే పెట్టు, ఎక్కువ ఊగేది అక్కడే, ఈ మాట మీద నేను తగ్గను.

న్యూమాటిక్_షాపు:
ఊగేది అక్కడే కాబట్టే పుష్‌ది పెట్టమంటాను, పైపు దాంట్లో గుండ్రంగా తిరుగుద్ది, నట్టు బిగిస్తే మెలి పడుద్ది. ఏది పెట్టినా సబ్బు నురగ పూసి చూడు, ఒకసారి ఖాళీ బండికి, ఒకసారి టిక్కీలు ఎక్కించాక.