బిడ్డ నడిచేదాకా కుక్కను పంపేయాలా?

గోదారిగట్టు:
పురుడు పుట్టింట్లో జరుగుతుంది. మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డను అత్తింటికి తెస్తారు. ఆ ఇంట్లో అప్పటికే నాలుగైదేళ్ల లాబ్రడార్ ఉందనుకోండి. బిడ్డ నడిచేదాకా దాన్ని ఇంకెక్కడైనా ఉంచమని పెద్దలంటారు. నా మాటా అదే. కుక్క ఎంత మంచిదైనా నోరులేని జీవం, పసిబిడ్డకేమో తప్పించుకోవడం చేతకాదు. ఏడాదిన్నర దూరంగా ఉంటే పోయేదేముంది?

విశాఖ శిక్షకుడు:
పోయేది చాలా ఉందండీ. ఏడాదిన్నర తర్వాత తిరిగొచ్చిన కుక్కకు ఎదురయ్యేది ఎవరు? పరుగెత్తుతూ, కీచుమంటూ, చేతిలో బిస్కట్ పట్టుకుని, సరిగ్గా దాని మూతి ఎత్తులో ముఖం ఉన్న కొత్త మనిషి. పరిచయానికి అంతకంటే చెడ్డ వయసు లేదు. బిడ్డ పొత్తిళ్లలో ఉన్నప్పుడైతే మీద పడదు, తోక లాగదు. వాసనకూ ఏడుపుకూ కుక్క అలవాటుపడాల్సింది అప్పుడే.

తల్లి పుట్టింట్లో ఉన్న నెలల్ని వృథా చేయకండి. పసిపిల్ల ఏడుపు రికార్డింగ్‌ను ఫోన్లో వినీ వినపడనంత చిన్నగా పెట్టి, అది మోగుతున్నంతసేపూ కుక్కకు దాని తిండి ఒక్కో గింజ చొప్పున అందించాలి. శబ్దం ఆగితే గింజలూ ఆగాలి. చెవులు వెనక్కి వాలినా, తినడం మానేసినా శబ్దం ఎక్కువైందని అర్థం. తగ్గించి మళ్లీ మొదలెట్టాలి. తిండి వేళ, షికారు వేళ రోజూ కాస్త అటూ ఇటూ జరపండి. బిడ్డ వచ్చాక ఎలాగూ ఏదీ వేళకు జరగదు. మంచమెక్కే అలవాటుంటే ఇప్పుడే మాన్పించాలి. ఒక పట్టా పరిచి దానిమీద పడుకోవడం నేర్పాలి. మొదట అయిదు సెకన్లు చాలు, పోనుపోను ఇరవై నిమిషాలకు పెంచాలి.

చీర ఉయ్యాల విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను. నేలకు దగ్గరగా ఊగే మూట, అందులోంచి సన్నటి అరుపు, ఇవి వేటబుద్ధిని లేపుతాయి. ఉయ్యాల ఉన్న గదిలోకి కుక్క అడుగే పెట్టకూడదు.

పశువైద్యురాలు, కర్నూలు:
మొదటి మూడు నెలలకంటే పాకడం మొదలయ్యాక వచ్చే రోజులే నన్ను ఎక్కువ భయపెడతాయి. దాదాపు ఎనిమిదో నెలనుంచి మూడేళ్లదాకా. అప్పటిదాకా కుక్క బిడ్డ దగ్గరికి వెళ్లేది, ఇక బిడ్డే కుక్క దగ్గరికి వెళ్తుంది. అది తింటున్న గిన్నెలో చెయ్యి పెడుతుంది, నిద్రపోతుంటే మీద పడుతుంది. తెలిసిన కుక్కే కదా అనుకోకండి, చిన్నపిల్లల్ని అదీ కరుస్తుంది. ఎత్తు తక్కువ కాబట్టి గాటు ముఖానికీ మెడకూ తగులుతుంది.

తోక ఊపుతోంది కదా అని ధీమాగా ఉండకండి. ముఖం పక్కకు తిప్పుకోవడం, తిండి లేకపోయినా పెదవులు నాకడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం, ఉన్నట్టుండి బిగుసుకుపోవడం: ఇవన్నీ ‘నన్ను వదిలేయండి’ అనే మాటలే. చివరికి గుర్రుమంటుంది. అప్పుడు కొట్టారా, గుర్రుమనడం మానేసి నేరుగా కరవడం నేర్చుకుంటుంది. గుర్రుమన్న కుక్కను తిట్టకుండా బిడ్డను ఎత్తుకుని వెళ్లండి, కారణం తర్వాత వెతకండి. లాబ్రడార్లకు చెవిలో చీము, తుంటి కీలు నొప్పి మామూలు. నొప్పి ఉన్నచోట బిడ్డ చెయ్యి పడితే ఎంత శాంతమైన కుక్కయినా ఓర్చుకోలేదు. బిడ్డ రాకముందే ఆ రెండూ పరీక్ష చేయించండి.

గోదారిగట్టు:
మరి రేబిస్, పురుగులు? నేలమీద పడింది నోట్లో పెట్టుకునే వయసు కదా.

పశువైద్యురాలు, కర్నూలు:
కుక్కకు రేబిస్ టీకా దాని మూడు నెలల వయసులో మొదలుపెట్టి ఏటా వేయించాలి. పెద్ద కుక్కకు మూడు నెలలకోసారి నులిపురుగుల మందు. ఏలికపాము గుడ్డు తాజా మలంలో ఉన్నప్పుడు అంటదు. మట్టిలో రెండు మూడు వారాలు ఉండి పక్వమయ్యాకే అంటుతుంది. అందుకే పెరట్లో మలాన్ని ఏ రోజుకారోజు తీసేస్తే సగం పని అయినట్టే. పిడుదుల మందు కొట్టాక ఒళ్లు పూర్తిగా ఆరేదాకా బిడ్డను దగ్గరికి రానివ్వకండి.

పిల్లల డాక్టర్:
నాకించుకోవడం ముద్దుగా ఉంటుందేగానీ, గీసుకుపోయిన చర్మాన్ని నాకడాన్ని కూడా రేబిస్ లెక్కలో మూడో శ్రేణిగానే, అంటే అన్నిటికంటే ప్రమాదకరమైనదిగానే చూస్తాం. ఒరుపు, పుండు ఉన్న బిడ్డను నాకనివ్వొద్దు. పంటి గాటు పడితే ఇంటి కుక్కే, టీకా వేయించాం అని ఊరుకోకండి. ధారగా నీళ్లు పోస్తూ సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. చర్మంలో వేసే టీకా అయితే మొదటి డోసు రోజును 0గా లెక్కించి 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే గాయంలోకే యాంటీబాడీల ఇంజెక్షన్ కూడా పడాలి. కుక్కను పది రోజులు కనిపెట్టి చూడాలి, కానీ ఆ పది రోజులూ టీకా ఆపి కూర్చోకూడదు.

రెండుగదుల ఇల్లు:
ఇవన్నీ మనుషులు నిండుగా ఉన్న ఇంటికి సరిపోతాయి. పగలంతా తల్లి ఒక్కతే, రెండే గదులు, వంటింట్లో పొయ్యి మీద కుక్కరు. బిడ్డా కుక్కా ఒకేచోట ఉంటే రెండు నిమిషాలైనా కన్ను మరలకుండా చూడటం ఎలా కుదురుతుంది?

విశాఖ శిక్షకుడు:
కుదరదు, అందుకే గదుల మధ్య గుమ్మానికి అడ్డంగా గేటు. చూస్తున్నామంటే చెయ్యి చాస్తే అందే దూరంలో, ఫోన్ పక్కనపెట్టి చూడటం. అది వీలుకాని ప్రతి నిమిషం మధ్యలో గేటు ఉండాల్సిందే. లాబ్రడార్‌కు మీటరు ఎత్తుంటే మంచిది. గుమ్మానికి ఒత్తిడితో నిలిపే రకం పెద్ద కుక్క తోస్తే జారుతుంది, స్క్రూలతో బిగించండి. కమ్మీల మధ్య పిల్ల తల దూరకూడదు. గిన్నె, పడక, నీళ్లు గేటుకు అవతలే ఉంచాలి, అక్కడికి బిడ్డను పోనివ్వకూడదు.

గేటు పెట్టే వీలే లేని ఇల్లయినా, గిన్నె దగ్గర మనిషిని ముందే కరిచిన కుక్కయినా, గోదారిగట్టు గారి మాటే నా మాట. అలాంటప్పుడు తీసుకునేవాళ్లకు ఆ కరిచిన సంగతి దాచకుండా చెప్పి ఇవ్వాలి. అది కూడా బిడ్డ ఇంటికి రాకముందే జరగాలి.