రాత ఒప్పందం లేని అద్దె ఇంటి అడ్వాన్సును తిరిగి రాబట్టుకోవడం ఎలా?

ప్రశ్న (నిజాంపేట అద్దెదారు):
హైదరాబాదులోని నిజాంపేటలో నెలకు 18,000 రూపాయల అద్దెకు ఒక పోర్షనులో దాదాపు మూడేళ్లు ఉండి, గత నెలాఖరున ఖాళీ చేశాము. చేరేటప్పుడు మూడు నెలల అద్దె, అంటే 54,000 రూపాయలు అడ్వాన్సుగా ఇచ్చాము. అందులో 30,000 ఫోన్‌పేలో పంపాను, మిగిలిన 24,000 చేతికే ఇచ్చాను. "మన మధ్య కాగితాలెందుకండీ" అని ఓనరు గారు అనడంతో అగ్రిమెంటు రాయించుకోలేదు. ఖాళీ చేస్తున్నట్టు ముప్పై రోజుల ముందే వాట్సాప్‌లో తెలియజేశాను, తాళాలూ ఆయన చేతికే ఇచ్చాను. ఇప్పుడేమో రంగులకు ఒక నెల అద్దె, రెండు నెలల ముందు చెప్పనందుకు మరో నెల అద్దె పోగా, మిగిలిన 18,000 గీజరుకూ కుళాయిలకూ సరిపోయిందని అంటున్నారు. బిల్లులు చూపమంటే, అసలు అగ్రిమెంటు ఏదని నన్నే అడుగుతున్నారు. కాగితం లేనప్పుడు నాకు హక్కేమైనా మిగిలిందా?

జవాబు (సివిల్ కేసులు చూసే న్యాయవాది):
మిగిలింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 107వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన గడువుతో గానీ, ఏడాదికేడాది సాగేలా గానీ ఇచ్చే లీజుకే రిజిస్టరు పత్రం తప్పనిసరి; మిగిలిన అద్దెలు నోటిమాటతో కుదిరి, ఇల్లు అప్పగిస్తే చెల్లుతాయి. వేరే ఒప్పందం లేని నివాసపు అద్దెను 106వ సెక్షన్ నెలవారీ అద్దెగా చూస్తుంది, దాన్ని ముగించడానికి పదిహేను రోజుల నోటీసు చాలంటుంది. ఆ నోటీసు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి గనుక మీ వాట్సాప్ సందేశం మీద ఆయన అభ్యంతరం లేవనెత్తవచ్చు. కానీ మారుమాట లేకుండా తాళాలు పుచ్చుకుని ఇల్లు స్వాధీనం చేసుకున్నాక ఆ అభ్యంతరానికి పెద్దగా బలం ఉండదు. రెండు నెలల నోటీసు షరతు ఉందంటే, ఆ మాట అనుకున్నట్టు ఆయనే రుజువు చేసుకోవాలి. అగ్రిమెంటు లేదని మిమ్మల్ని నిలదీసిన మనిషి, లేని అగ్రిమెంటులోని షరతును ఎలా చూపిస్తారో నాకూ తెలుసుకోవాలని ఉంది.

మరమ్మతుల సంగతి 108వ సెక్షన్‌లో ఉంది. తీసుకున్నప్పుడున్న స్థితిలోనే ఇల్లు అప్పగించడం అద్దెదారు బాధ్యతే గానీ, మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు మినహాయింపు ఉంది. మూడేళ్లకు గోడల రంగు వెలవడం, కుళాయి వాషరు అరగడం ఆ మినహాయింపులోకి వస్తాయి. గీజరును మీరే పాడుచేసి ఉంటే మాత్రం ఆ ఖర్చు మీదే.

2021 నమూనా అద్దె చట్టం ప్రకారం నివాసాలకు రెండు నెలలకు మించి అడ్వాన్సు తీసుకోకూడదని చాలామంది వాదిస్తుంటారు. అది కేంద్రం రాష్ట్రాలకు ఇచ్చిన నమూనా మాత్రమే గనుక నోటీసులో దాని ఊసెత్తకండి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కూడా మీ అద్దె స్థాయికి అక్కరకు రాదు. మీది మామూలు డబ్బు బాకీ. దావాకు మూడేళ్ల గడువుంటుంది. లెక్క అడుగుతూ, ఫలానా తేదీ నుంచి వడ్డీ కూడా కోరతానని స్పష్టంగా రాసి నోటీసు పంపండి, ఎందుకంటే 1978 వడ్డీ చట్టం కింద ఆ తేదీకి విలువ ఉంటుంది.

జవాబు (కూకట్‌పల్లిలో ఇల్లు అద్దెకిచ్చే యజమాని):
నేను అటువైపు మనిషినే అయినా ఉన్నమాట చెబుతాను. రంగులకు ఒక నెల అద్దె పట్టుకోవడం మా వైపు వాడుక, చేరేటప్పుడే నోటితో చెబుతాము. మీ ఓనరు గారు కూడా అలా చెప్పి, మీరు సరేనని ఉంటే, ఆ 18,000 వదులుకోవడమే మర్యాద. చెప్పకపోయినా, చెప్పినా అసలు రంగులే వేయించకుండా కొత్తవాళ్లను దింపినా, అడగడంలో తప్పులేదు. ఒకసారి వాచ్‌మన్‌ను కనుక్కోండి. కరెంటు బిల్లు, మెయింటెనెన్సు బాకీ ఉంటే ముందు అవి కట్టేసి రసీదులు దగ్గర పెట్టుకోండి; మాలాంటివాళ్లం మొదట పట్టుకునేది అక్కడే.

జవాబు (ఇదే ఇబ్బంది పడిన మరొక అద్దెదారు):
నేను దావా దాకా వెళ్లలేదు. జిల్లా న్యాయ సేవల సంస్థలో, కేసు వేయకముందే రాజీ కుదిర్చే లోక్ అదాలత్ కోసం అర్జీ పెట్టుకున్నాను, దానికి కోర్టు ఫీజు కట్టలేదు. వాళ్ల నుంచి నోటీసు అందాక, ఫోనే ఎత్తని మా ఓనరు గారు స్వయంగా వచ్చి, రంగుల ఖర్చులో సగం మినహాయించుకుని మిగిలింది ఇచ్చారు. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. అయితే అవతలివారు రాజీకి ఒప్పుకోకపోతే వాళ్లు బలవంతంగా ఇప్పించలేరు.

ప్రశ్నించినవారు:
అందరికీ ధన్యవాదాలు. రంగుల మాట చేరేటప్పుడు రాలేదని మా ఆవిడ కూడా గట్టిగా చెబుతోంది. చేతికిచ్చిన 24,000 మాత్రం ఇవ్వనేలేదని ఆయన అడ్డం తిరిగితే ఏం చేయాలి?

జవాబు (న్యాయవాది):
నోటీసు పంపకముందే ఆ పని చక్కబెట్టుకోండి. గొడవ మాట ఎత్తకుండా, "అడ్వాన్సులో ఏ ఖర్చుకు ఎంత పోయిందో దయచేసి లెక్క పంపండి" అని వాట్సాప్‌లో మర్యాదగా అడగండి. మీకు నోటితో చెప్పిన మూడు పద్దెనిమిది వేలనే ఆయన రాసి పంపితే, 54,000 ముట్టినట్టు ఆయన రాతలోనే దొరుకుతుంది. ఆఫీసులో ఇంటి అద్దె అలవెన్సు కోసం ఆయన సంతకం చేసిన అద్దె రసీదులుంటే అవీ తీసిపెట్టండి, అద్దెదారుగా ఉన్నారనడానికి పనికొస్తాయి. ఫోన్ మార్చినా పాత ఫోన్‌ను, అందులోని సందేశాలను చెరపకుండా ఉంచండి. కోర్టులో వాటిని చూపాలంటే 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. దాని సంగతి మీ వకీలు చూసుకుంటారు.