క్రౌన్ ఈథర్ దండగా? టీబీఏబీ చాలదా?

బొమ్మసంద్ర కుర్రాడు:
బెంజైల్ బ్రోమైడ్‌ని ఫ్లోరైడ్‌గా మార్చాలి. అసిటోనైట్రైల్‌లో పొటాషియం ఫ్లోరైడ్ ఎంత తిప్పినా అడుగునే ఉంటోంది. ఉప్పుని ద్రావణంలోకి లాగే ఉంగరంలాంటి అణువు, 18-క్రౌన్-6 అనే క్రౌన్ ఈథర్ తెప్పించమంటే మా లీడ్ "అంత ఖరీదెందుకు, టీబీఏబీ (టెట్రాబ్యూటైల్ అమోనియం బ్రోమైడ్) వెయ్యి" అంటున్నారు. మీరేమంటారు?

ప్లాంట్ మనిషి:
మీ లీడ్ మాటే నాదీ. ఇరవై ఏళ్లుగా రియాక్టర్ల దగ్గరే ఉన్నాను. నీళ్లూ టోలుయీనూ రెండు పొరలుగా ఉండే రియాక్షన్లలో టీబీఏబీ చవగ్గా పని కానిచ్చేస్తుంది. క్రౌన్ విషం కూడా. మందులో మిగిలిపోతే వదిలించాలి, వదిలిందని చూపించాలి. కిలోల్లో చేసేవాళ్లకి అది మామూలు బాధ కాదు.

యశ్వంతపూర్ స్కాలర్:
అన్నా, రెండు పొరల సంగతి ఒప్పుకుంటాను. కానీ తమ్ముడు అడిగింది ఘన ఉప్పు గురించి కదా. 18-క్రౌన్-6 ఉంగరంలో ఆరు ఆక్సిజన్లుంటాయి, మధ్య ఖాళీ పొటాషియం అయాన్‌కి కొలిచినట్టు సరిపోతుంది. పొటాషియం అందులో కూర్చుంటే దాని వెంట ద్రావణంలోకి వచ్చిన ఫ్లోరైడ్‌ని పట్టుకునేవాళ్లుండరు, చురుకంతా అక్కడే.

ఎమ్మెస్సీలో మా మేడం ఫ్యూమ్ హుడ్‌లో చూపించారు. బెంజీన్‌లో చిటికెడు పొటాషియం పర్మాంగనేట్ వేస్తే పలుకులు అడుగున గలగలలాడాయి, ద్రవం నీళ్లలాగే ఉంది. కాస్త క్రౌన్ వేసి తిప్పారు. నేరేడుపండు రంగు! ఆ రోజు నుంచి ఈ అణువంటే నాకు ప్రేమ. డ్యూపాంట్ కంపెనీలో పెడర్సన్ అనే కెమిస్ట్‌కి మొదటి క్రౌన్ దొరికింది కూడా 0.4 శాతం దిగుబడితో, అనుకోని ఉపఉత్పత్తిగానే. పారేయలేదాయన. 1967లో ప్రచురించారు, 1987లో క్రామ్, లేన్‌లతో కలిసి నోబెల్ అందుకున్నారు.

ప్లాంట్ మనిషి:
ఒకటి నేనూ చెప్పాలి. గట్టి క్షారం, ఎక్కువ వేడి పడితే టీబీఏబీ విరిగిపోతుంది. ఒకసారి బ్యాచ్ తెరిస్తే గుప్పున అమీన్ వాసన కొట్టింది. ఆ రోజు క్రౌన్ అయితే తట్టుకునేదే.

యశ్వంతపూర్ స్కాలర్:
అదే నా మాట. తమ్ముడూ, ముందు ఉప్పు ఆరబెట్టు. పొటాషియం ఫ్లోరైడ్ గాలిలో తేమని లాగేస్తుంది, మన బెంగళూరు వానల్లో సీసా మూత తీసి ఉంచితే ముద్దకడుతుంది. నీళ్లు చుట్టుకున్న ఫ్లోరైడ్‌ని ఏ క్రౌనూ కాపాడలేదు. సోడియం ఉప్పు మాత్రం తీసుకోకు, దానికి 15-క్రౌన్-5 నప్పుతుంది.

బొమ్మసంద్ర కుర్రాడు:
నేను ఆరబెట్టనే లేదండీ, సీసాలోంచి తీసి అలాగే వేశాను.

ప్లాంట్ మనిషి:
అయితే ఈ రాత్రి వాక్యూమ్ ఓవెన్‌లో పెట్టు. రేపు పక్కపక్కన మూడు ఫ్లాస్కులు: ఒకటి ఉత్తది, ఒకటి టీబీఏబీ, ఒకటి పక్క ల్యాబ్‌లో అడిగి తెచ్చిన పది మోల్ శాతం క్రౌన్. ఆ జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ) ఫలితాలు మీ లీడ్ ముందు పెట్టు. క్రౌన్‌దే పైచేయి అయితే వదిలించే పద్ధతి నేను చెప్తాను.