కణ విభజనను ఆపే మందు క్యాన్సర్‌నే ఎలా దెబ్బతీస్తుంది?

నమస్కారమండీ. మా అమ్మకు రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయింది, ఇప్పుడు పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కిస్తున్నారు. జుట్టంతా ఊడిపోయింది. నోట్లో పుండ్లు, పెరుగన్నం తిన్నా మంటే. "జబ్బు రొమ్ములో ఉంటే మందు నోటిమీద, జుట్టుమీద ఎందుకు పడుతోందిరా?" అని అడిగింది.

నాకు అర్థమైనంతవరకు, కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరోవైపు లాగే సన్నని పోగులుంటాయి. ఈ మందు వాటిని కదలనివ్వకుండా బిగించేసి విభజనను మధ్యలోనే ఆపేస్తుంది. వెంట్రుకల కుదుళ్లు, నోటి లోపలి పొర, ఎముక మజ్జ ఎప్పుడూ విభజన చెందుతూనే ఉంటాయి కాబట్టి వాటికీ దెబ్బ తగులుతుంది. ఇంతవరకు సరేనా?

నా అసలు సందేహం ఇక్కడే. మజ్జలో కణాలు అంత జోరుగా విభజన చెందుతున్నా అది క్యాన్సర్ కాదు కదా. డీఎన్‌ఏ దెబ్బతింటే విభజనను ఆపే పీ53 అనే కాపలా జన్యువు దాదాపు సగం క్యాన్సర్లలో పాడై ఉంటుందని చదివాను. అంటే తేడా వేగంలో కాదు, ఆగాల్సిన చోట ఆగకపోవడంలో ఉందా? అలాగైతే డోసుకీ డోసుకీ మధ్య మజ్జ కోలుకున్నట్టే, మిగిలిన క్యాన్సర్ కణాలూ కోలుకోవా? ఈ టెన్షన్‌తో రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

మందుల సంగతి డాక్టరుగారినే అడుగుతాను. ఈ విషయం తెలిసినవారు, ముఖ్యంగా జీవశాస్త్రం పాఠం చెప్పేవారు, అమ్మకు చదివి వినిపించేలా తేలిక మాటల్లో రాయండి. మీ మేలు మరచిపోను.